బైపీసీ బిడ్డను బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించవచ్చా?

దేవరకొండ_వైండింగ్
మా పెద్దబిడ్డ బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, రెండోసారి హైదరాబాద్‌లో లాంగ్‌టర్మ్ కూడా పెట్టించాను, కన్వీనర్ కోటాలో సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. మేనేజ్‌మెంట్ సీటు మా తాహతుకు మించింది, మూడోసారి రాయనని తనే చెప్పేసింది. ఎప్‌సెట్ ర్యాంకు ఫర్వాలేదు. బైపీసీ వాళ్ల కౌన్సెలింగ్‌లో బీఫార్మసీ, ఫార్మ్‌డీ, బయోటెక్నాలజీతో పాటు బయోమెడికల్ ఇంజనీరింగ్ అని ఒకటుంది, అదే పెడతానని పట్టు పట్టింది. నేను ఈ పేరు వినడం ఇదే మొదటిసారి. మా బావమరిది "నాలుగేళ్లు చదివి ఆస్పత్రిలో చెత్త లెక్క రాస్తదా" అన్నాడు, ఆ మాటకు పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వచ్చే వారం వెబ్ ఆప్షన్లు. ఇది అసలు ఏం చదువు, చదివాక ఏం పని, మా లాంటి ఇంటి ఆడపిల్లకు కుదురుతుందా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్
ఉన్నది ఉన్నట్టే చెప్తున్నా అన్నా, వద్దు. మెకానికల్, సివిల్ చదివినవాళ్లే సాఫ్ట్‌వేర్ కోచింగులకు పోతున్నారు, ఇక ఈ చిన్న బ్రాంచికి ఎవరు వస్తారు క్యాంపస్‌కు? బీఫార్మసీ పెట్టించండి. మా పక్కన పోలేపల్లి సెజ్‌లో వరసగా ఫార్మా కంపెనీలే, పొద్దున షిఫ్టు బస్సులు చూస్తే తెలుస్తది. ఉన్న ఊరికి దగ్గర్లో పని దొరుకుతుంది.

కొల్లాపూర్_మామిడి
మీ బావమరిది చెప్పింది పసుపు సంచులు, ఎర్ర సంచుల సంగతి. అది బయోమెడికల్ వేస్ట్. దానికీ ఈ చదువుకూ పేరు మాత్రమే కలిసింది. మా ఊళ్లో ఇద్దరు సత్తయ్యలు ఉంటే ఒకరి పెండ్లి కార్డు ఇంకొకరి ఇంట్లో పడేసి పోయేవాళ్లు, అట్లనే ఇది. ముందు బిడ్డకు అన్నం పెట్టండి.

పాలమూరు_బయోమెడ్
నేను ఆ బ్రాంచే చదివాను. తొమ్మిదేళ్లుగా ఆస్పత్రుల్లోనే ఉన్నాను, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో. పని ఏంటో చెప్తాను, తర్వాత మీరే తేల్చుకోండి.

పొద్దున ఎనిమిదిన్నరకు ఐసీయూలో రౌండ్ మొదలవుతుంది. వెంటిలేటర్లు, మానిటర్లు, సిరంజి పంపులు అన్నీ చూస్తాం. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను రోజూ తక్కువ జౌల్స్ మీద పెట్టి టెస్టు షాక్ కొట్టించి, వచ్చిన ప్రింటు ఫైల్లో అతికిస్తాం. దాని బ్యాటరీ అయిపోయిన సంగతి పేషెంటు గుండె ఆగినప్పుడు తెలిస్తే ఏం లాభం. తర్వాత థియేటర్, అక్కడ మత్తు ఇచ్చే అనస్తీషియా మెషిన్ లీకు టెస్టు, కరెంటుతో కోసి రక్తం ఆపే కాటరీ మెషిన్. మధ్యాహ్నానికి ఏదో ఒక బ్రేక్‌డౌన్ కాల్ వస్తుంది, సగం సార్లు కేబులో, ఫ్యూజో, తెలియక నొక్కిన బటనో ఉంటుంది. మిగతా సగానికి బోర్డు విప్పాలి, లేదా కంపెనీ వాళ్లను పిలవాలి. కొత్త మెషిన్ కొంటే స్పెసిఫికేషన్ రాయడం, డెమో చూడటం, మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఏఎంసీ సరిపోతుందా, సీఎంసీ కావాలా అని లెక్క కట్టడం కూడా మాదే. ఏఎంసీలో విడిభాగాలు రావు, సీఎంసీలో వస్తాయి. ఈ ఒక్క ముక్క తెలియకుండా సంతకం పెడితే ఆస్పత్రికి లక్షలు పోతాయి.

2021 కరోనా సెకండ్ వేవ్‌లో నేను అప్పుడు పనిచేస్తున్న చోట మూడు వెంటిలేటర్లు మూలకు పడి ఉన్నాయి. అంత పెద్ద మెషిన్‌లో పోయింది చిన్న ఆక్సిజన్ సెన్సార్. అది బ్యాటరీ లాంటిది, లోపలి సీసం తరుగుతూ వాడినా వాడకపోయినా ఏడాదికో రెండేళ్లకో అయిపోతుంది. అది మార్చాలన్న ధ్యాస ఎవరికీ లేదు. హైదరాబాద్ నుంచి ఒకతను బైక్ మీద సెన్సార్లు తెచ్చేసరికి రాత్రి రెండు దాటింది, బిగించి, కొలత సరిగా చూపేలా క్యాలిబ్రేషన్ చేసి నాలుగున్నరకు వార్డుకు ఇచ్చాం. మూడూ తెల్లవారేలోపే పేషెంట్లకు పెట్టేశారు. అందుకే ఎవరైనా ఇది చిన్న పని అంటే నాకు కోపం వస్తుంది.

సూర్యాపేట_సిస్టర్
స్టాఫ్ నర్సును, నవజాత శిశువుల వార్డులో చేస్తాను. పాలమూరు అన్న పెద్ద మెషిన్ల గురించి చెప్పాడు, నేను చిన్నది చెప్తాను. పుట్టిన పిల్లలను పడుకోబెట్టే వార్మర్ ఉంటుంది, పైన హీటరు, ఒంటి వేడి చూడటానికి పిల్ల పొట్ట మీద అతికించే చిన్న ప్రోబు. 36.5 డిగ్రీలకు సెట్ చేస్తాం. ప్రోబు ఊడి పక్కకు పడితే అది గాలి వేడి చూసుకుని పిల్ల చల్లబడింది అనుకుని హీటరును పెంచుతూనే పోతుంది. ఇది మాకు అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పింది ఒక బయోమెడికల్ అమ్మాయి.

కామెర్ల పిల్లలకు పెట్టే నీలం లైట్ల సంగతీ అంతే. లైటు వెలుగుతుంది కదా, బాగానే ఉంది అనుకునేవాళ్లం. ఆ అమ్మాయి మీటరు తెచ్చి పిల్ల పడుకునే చోట పెట్టి చూపించింది, ఉండాల్సింది 30 పైన, వస్తున్నది 11. కంటికి ఏ తేడా తెలియదు. ట్యూబులు మార్చాక, కామెర్లు దిగడానికి పట్టే రోజులు తగ్గడం మేమే చూశాం.

వనపర్తి_వాసి
అన్నీ నిజమే, కానీ జీతం మాట ఎవరూ ఎత్తడం లేదేంటి? నేనూ ఇదే బీటెక్. 2018లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నెలకు 12 వేలకు చేరాను. హాస్టల్, తిండి పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగిలేది కాదు. రాత్రి ఫోన్ వస్తే పోవాలి, నాతో చేరిన ఐటీఐ అబ్బాయికీ నాకూ తేడా లేదన్నట్టు చూసేవాళ్లు. రెండేళ్లు చేసి టెస్టింగ్ కోర్సు నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు పోయాను. మా నాయిన భూమి కౌలుకిచ్చి చదివించాడు, నాకు ఓపిక పట్టే వీలు లేదు. దేవరకొండ అన్నకు ఇది తెలియాలి.

జడ్చర్ల_జంక్షన్
వనపర్తి తమ్ముడు చెప్పిందే నేను చెప్పింది. సేవ వేరు, సంసారం వేరు.

పాలమూరు_బయోమెడ్
వనపర్తి, నీ మాట కాదనను. నేను మొదలుపెట్టింది 10 వేలకు. మొదటి మూడేళ్లు ఈ లైన్‌లో గట్టిగానే ఉంటాయి. కానీ ఐటీఐ అబ్బాయితో పోలిక అన్నావు చూడు, అక్కడ నాకు వేరే అనుభవం. ఫ్యూజు మార్చడానికి డిగ్రీ అక్కర్లేదు. మానిటర్‌లో ఆక్సిజన్ 85 చూపిస్తుంటే అది పేషెంటు పరిస్థితా, వేలికి పెట్టిన గోరింటాకా, చల్లబడిన చెయ్యా, సెన్సార్ తప్పా అని డాక్టరుతో నిలబడి మాట్లాడాలంటే ఆ సెన్సార్ వేసే కాంతి వేలి లోపల ఏం చేస్తుందో తెలియాలి. అది మాట్లాడగలిగిన రోజు నుంచి నాకు గౌరవమూ వచ్చింది, జీతమూ కదిలింది.

మిర్యాలగూడ_సర్వీస్
ఆస్పత్రి జీతం, కంపెనీ జీతం వేరు. నేను డయాలసిస్ మెషిన్ల కంపెనీలో ఫీల్డ్ సర్వీస్. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నా ఏరియా. జీతం, టీఏ, డీఏ కలిపితే మా బ్యాచ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకు మరీ వెనకేమీ లేను. బదులుగా రోడ్డు మీద బతకాలి, ఆదివారం అని ఉండదు.

మన దగ్గర డయాలసిస్ అంటే ముందు నీళ్లు చూడాలి. పేషెంటు నాలుగు గంటలు కూర్చుంటే నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల నీళ్లు అతని రక్తం పక్కన, పలచని పొర అవతల పారతాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఓర్చుకుంటాం, డయాలసిస్ నీళ్లలో 0.2 దాటకూడదు. ఇది నల్లగొండ జిల్లా, బోరు నీళ్ల సంగతి మీకు చెప్పాలా? ఒకచోట నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మెంబ్రేన్ మార్చాల్సిన తేదీ దాటి ఆరు నెలలయింది, మెషిన్ మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది. మెంబ్రేన్ మార్చేదాకా మెషిన్ ఆన్ చేయనని అక్కడే కూర్చున్నాను. సాయంత్రానికి తెప్పించారు. నా ఉద్యోగంలో నాకు బాగా గుర్తున్న రోజు అదే.

దేవరకొండ_వైండింగ్
అందరూ ఇంత ఓపికగా రాస్తున్నందుకు మస్తు సంతోషం. రెండు అనుమానాలు. మిర్యాలగూడ తమ్ముడు చెప్పినట్టు రాత్రిళ్లు తిరగాలంటే ఆడపిల్లకు ఎట్ల? రెండోది, లెక్కలు. ఇంటర్‌లో మ్యాథ్స్ ముట్టలేదు కదా, ఇంజనీరింగ్‌లో మ్యాథ్స్ ఉంటాయి కదా? కరెంటు అంటే భయం మాత్రం లేదు, మాది బోరు మోటార్ల వైండింగ్ షాపు, ఏడో తరగతి నుంచి సెలవుల్లో వచ్చి మీటరు పట్టేది, సిరీస్ ల్యాంపు పెట్టి ఏ కాయిల్ కాలిందో నాకంటే ముందే చెప్తది.

కొల్లాపూర్_మామిడి
అన్నా, ఈ మాట మొదటి పోస్టులోనే చెప్తే పోయేది కదా!

నకిరేకల్_బీఎంఈ_4
నేను ఇప్పుడు ఫైనల్ ఇయర్, నేనూ బైపీసీ నుంచే వచ్చాను, కాబట్టి లెక్కల సంగతి నేను చెప్తాను అంకుల్. కష్టమే. మొదటి సంవత్సరం మాత్రికలు, అవకలన సమీకరణాలు, రెండో ఏడు లాప్లాస్, ఫోరియర్ వస్తాయి. ఎంపీసీ వాళ్లు రెండేళ్లు నేర్చుకుని వచ్చింది మనం రెండు నెలల్లో అందుకోవాలి. నాకు మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ పోయింది, సప్లీలో కట్టుకున్నాను. అనాటమీ, ఫిజియాలజీ వచ్చినప్పుడు మాత్రం ఎంపీసీ వాళ్లు మన బెంచీ చుట్టూ చేరతారు, అక్కడ లెక్క సరిపోతుంది.

మిగతాది చాలావరకు ఎలక్ట్రానిక్సే. సర్క్యూట్లు, సిగ్నల్స్, మైక్రోకంట్రోలర్, ఆ తర్వాత బయోమెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ ఎట్లా పనిచేస్తాయి, బయోమెకానిక్స్, ఒంట్లో పెట్టే లోహాలు, ప్లాస్టిక్‌ల గురించి బయోమెటీరియల్స్. డాక్టరు చదువులో సగం అనుకుని వచ్చినవాళ్లు రెండో ఏడు కుంగిపోతారు, అది ముందే చెప్పండి.

నాకు ఈ చదువు ఎక్కడ పట్టుకుందో చెప్తాను. రెండో ఏడు సంక్రాంతికి ఇంటికి పోయి మా అవ్వకు ఈసీజీ తీస్తానని కూర్చున్నాను, చిన్న మాడ్యూలు, మూడు ప్యాచీలు, ల్యాప్‌టాప్. గుండె సిగ్నల్ చర్మం మీదికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు ఉంటుంది, మన టార్చి బ్యాటరీలో పదిహేను వందల్లో ఒక వంతు. తెర మీద గుండె కనిపించలేదు, లావుపాటి నల్లటి పట్టీ వచ్చింది. అది ఇంట్లో కరెంటు, 50 హెర్ట్‌జ్, మా అవ్వ ఒళ్లే ఏంటెన్నా అయింది. ల్యాప్‌టాప్ చార్జరు పీకేస్తే సగం తగ్గింది. కాలి ప్యాచీ సరిగా అంటలేదని చూసి, తడిబట్టతో తుడిచి మళ్లీ పెట్టాను. ఆ కాలి ప్యాచీ సర్క్యూట్ నుంచి ఆ కరెంటు గోలనే తిరగేసి ఒంట్లోకి పంపి దాన్ని కొట్టేస్తుంది. పట్టీ సన్నబడి, సన్నబడి, ఒక్కసారి ఆ ముక్కు లాంటి గీత లేచింది. మా అవ్వ "అది నేనేనా" అని అడిగింది. రెండు ప్యాచీల మధ్య తేడాను మాత్రమే పెంచి చూపే డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్ గురించి క్లాసులో మూడుసార్లు చెప్పినా ఎక్కలేదు నాకు, ఆ రోజు ఎక్కింది.

మిర్యాలగూడ_సర్వీస్
ఆడపిల్ల అని అడిగారు. మా కంపెనీలో ఇద్దరు అమ్మాయిలు ఫీల్డ్‌లోనే ఉన్నారు, ఒకరికి నా కంటే మంచి ఏరియా. కానీ ఇష్టం లేకపోతే తిరగాల్సిన పనే లేదు. అప్లికేషన్ స్పెషలిస్టు అని ఉంటుంది, మెషిన్ వాడటం డాక్టర్లకు, టెక్నీషియన్లకు నేర్పే ఉద్యోగం. క్వాలిటీ, రెగ్యులేటరీ (ప్రభుత్వ అనుమతుల) పని ఆఫీసులోనే. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ వచ్చాక మెషిన్లను, పరికరాలను ఏ, బీ, సీ, డీ అని ప్రమాదాన్ని బట్టి తరగతులు చేశారు, ఆ కాగితాలు రాయగలిగినవాళ్లు తయారీ కంపెనీలకు కావాలి. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కు మన రాష్ట్రంలోనే, సంగారెడ్డి జిల్లాలో ఉంది.

నాగర్‌కర్నూల్_లెక్చరర్
జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను, ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. కొన్ని విషయాలు కలిసిపోకుండా చూసుకోండి. బయోటెక్నాలజీ వేరు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు వేరు, ఇది వేరు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ బీటెక్ ఉంది గానీ దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్, అంటే ఎంపీసీ వాళ్ల దారి. ఓయూ ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది, నర్సాపూర్ దగ్గర బీవీ రాజు కాలేజీలో ఉంది. బైపీసీ వాళ్లకు ఎక్కడెక్కడ ఎన్ని సీట్లు అన్నది ఈ ఏడాది కౌన్సెలింగ్ జాబితాలోనే చూడండి, పోయినేడాది చూసి ఆప్షన్ పెట్టి దెబ్బతిన్న పిల్లలు నాకు తెలుసు. తర్వాత ఎంటెక్ చదవాలంటే దాని ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపరు ఉంది.

కాలేజీకి పోయినప్పుడు బిల్డింగు చూడకండి, ల్యాబ్ తాళం తీయమనండి. మెషిన్ల మీద దుమ్ము ఉందా, పిల్లలు విప్పిన గుర్తులు ఉన్నాయా చూడండి. ఏ ఆస్పత్రికి ఎన్ని వారాలు ఇంటర్న్‌షిప్‌కు పంపుతారో అడగండి. మిగతా సంగతులు వాళ్ల బ్రోచర్ ఎట్లాగూ చెప్తుంది.

హాలియా_కాలువ
ఎవరూ ఎత్తని మాట ఒకటి. మాది మర్రిగూడ వైపు అత్తగారిల్లు. నడుం వంగి, మోకాళ్లు తిరిగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన జిల్లా మనది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి లోకమంతా పెట్టుకున్న పేరే నల్లగొండ టెక్నిక్. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చాయి, కొత్త పిల్లలకు ఆ బాధ తగ్గింది, ఆ ముసలివాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లకు సరిపడే ఊతకర్ర, సరిపడే కుర్చీ, సరిపడే బెల్టు ఎవరు చేస్తారు? కలాం గారు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల పైన బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణికి వాడే తేలికైన పదార్థంతో 300 గ్రాములకు తెచ్చారు. అది బయోమెడికల్ ఇంజనీరింగ్ కాకపోతే ఇంకేంటి? మన జిల్లా పిల్ల ఈ చదువు చదువుతానంటే నేనైతే ఆపను.

వనపర్తి_వాసి
హాలియా, కలాం గారి వెనక డీఆర్‌డీఓ మొత్తం ఉంది. బీటెక్ దిగిన పిల్లకు ఎవరు ల్యాబ్ ఇస్తారు? ఇలాంటివి విని చేరే నేనూ దెబ్బతిన్నాను.

హాలియా_కాలువ
ఇవ్వరు, నిజమే. ఎంటెక్ దాకా పోవాలి, లేదా ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి పరికరాలు చేసే విభాగాల్లో అడుగు పెట్టాలి. దారి పొడుగు, అంతే. లేదని చెప్పడం సరికాదు.

పాలమూరు_బయోమెడ్
ఇద్దరిదీ సగం సగం నిజం. పెద్ద కలతో చేరినా ఫర్వాలేదు, మొదటి ఉద్యోగం మాత్రం స్క్రూడ్రైవర్‌తోనే మొదలవుతుందని తెలిసి చేరాలి. పని లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ ప్రభుత్వాస్పత్రుల మెషిన్లు లెక్కపెట్టిస్తే రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పనిచేయకుండా ఉన్నట్టు తేలింది. ఆ తర్వాత మన వైపే చూడండి, మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, అన్నిచోట్లా మెడికల్ కాలేజీలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. ఇన్ని మెషిన్లు దిగాయి, వాటిని ఎవరో ఒకరు చూడాలి కదా.

జడ్చర్ల_జంక్షన్
సరే, ఒక్కటి అడుగుతా, గొడవకు కాదు. మా తమ్ముడు కొడుక్కీ ఇదే ప్రశ్న వచ్చేట్టుంది. కోడింగ్ ఉంటుందా ఇందులో? అటూ ఇటూ కాకుండా పోతారేమోనని నా భయం.

నకిరేకల్_బీఎంఈ_4
ఉంటుంది, మనం పట్టుకుంటే. సిగ్నల్ ప్రాసెసింగ్, మెడికల్ ఇమేజింగ్ అంతా కోడే. మా సీనియర్లు ఇద్దరు మెడికల్ పరికరాల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. మెడ్‌ట్రానిక్ పెద్ద ఆర్ అండ్ డీ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. కాకపోతే అక్కడ సీఎస్ఈ, ఈసీఈ వాళ్లతో పోటీ పడాలి, బ్రాంచి పేరు చూసి ఎవరూ పిలవరు. పైథాన్, సీ రెండో ఏడు నుంచే నేర్చుకోవాలి.

జడ్చర్ల_జంక్షన్
ఇది మొదట చెప్పి ఉంటే నేను అంత గట్టిగా వద్దనేవాణ్ని కాదు. బీఫార్మసీ మాట మాత్రం వెనక్కి తీసుకోను, రెండో ఆప్షన్‌గా పెట్టండి అన్నా.

సూర్యాపేట_సిస్టర్
దేవరకొండ అన్నా, ఆప్షన్లు పెట్టేలోపు బిడ్డను ఒకసారి ఆస్పత్రికి తీసుకుపోండి. డాక్టరు దగ్గరకు వద్దు, మెషిన్లు బాగుచేసే గదికి. ఆ వాసన, ఆ రద్దీ తట్టుకుంటుందో లేదో ఒక్క పూటలో తెలుస్తుంది.

పాలమూరు_బయోమెడ్
నా దగ్గరికే రండి, మా సూపరింటెండెంట్‌ను అడిగి ఉంచుతాను. గురువారం అయితే రద్దీ తక్కువ.

దేవరకొండ_వైండింగ్
గురువారం పోయి వచ్చాం. పాలమూరు తమ్ముడు రెండు గంటలు మాతోనే ఉన్నాడు, పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. చిన్న గది, టేబుల్ మీద విప్పేసిన సక్షన్ మెషిన్, గోడకు ఏ మెషిన్ ఎప్పుడు చూశారో రాసిన చార్టు. పేషెంటుకు తగిలే వైర్లలో ఎంత కరెంటు లీకవుతుందో చూసే డబ్బా ఒకటి పెట్టి చూపించాడు. నేను వైండింగ్ ఇన్సులేషన్ చూసే మా మెగ్గర్ లాంటిదే కదా అన్నాను. అంతా అదే ఆలోచన అన్నా, కానీ గుండెకు నేరుగా తగిలే వాటికి 10 మైక్రోఆంపులు దాటనివ్వం అన్నాడు. ముప్పై ఏళ్లుగా నేను చూసే లెక్క మిల్లీఆంపులు. అందులో నూరో వంతు అంటే నాకు కాసేపు మాట రాలేదు.

మా బిడ్డ మాత్రం ఆ సక్షన్ మెషిన్ మోటారు దగ్గర నిలబడి, బుష్‌లు అరిగాయి కదా అన్నా అంది. అవును, అవే ఆర్డర్ పెట్టాను అన్నాడు. తిరుగు బస్సులో కల్వకుర్తి దాటేదాకా ఆపకుండా మాట్లాడింది. జీతం సంగతి వనపర్తి తమ్ముడు రాసింది కూడా చదివి వినిపించాను. మొదటి మూడేళ్లు నన్ను డబ్బులు అడగొద్దు నాన్నా, అట్లైతే సరే అంది. అడగను అన్నాను.

నిన్న ఆప్షన్లు పెట్టాం. ముందు బయోమెడికల్ ఉన్న కాలేజీలు, తర్వాత జడ్చర్ల అన్న మాట ప్రకారం బీఫార్మసీ. బావమరిదికి కూడా ఫోన్ చేసి చెప్పాను, వింటున్నాడు. సీటు వచ్చేదాకా ఖాళీగా ఎందుకు అని మ్యాథ్స్ మొదలుపెడతానంటోంది, ఏ పుస్తకం కొనాలి?

నకిరేకల్_బీఎంఈ_4
కొత్తవి కొనకండి అంకుల్. ఇంటర్ అకాడమీ పుస్తకాలు నాలుగూ నా దగ్గర ఉన్నాయి. 1ఏలో మాత్రికలు, త్రికోణమితి, 1బిలో అవకలనం, ముందు ఇవి చాలు. తర్వాత 2బిలో సమాకలనం, చివరి అధ్యాయం అవకలన సమీకరణాలు, 2ఏలో సంకీర్ణ సంఖ్యలు. మిగతావి ఇప్పుడు ముట్టొద్దు. ఆదివారం హైదరాబాద్ వచ్చేది ఉంటే ఎల్బీ నగర్‌లో బస్సు దిగండి, నేనే వచ్చి ఇస్తాను. పెన్సిల్‌తో రాసిన నా లెక్కలు అందులోనే ఉన్నాయి, తప్పులు ఉంటే చెల్లెను దిద్దమనండి.